సోనీ ఏ7 మార్క్ 3కి వీ90 కార్డులు అవసరమా? పెళ్లి డేటా ఎలా దాచుకోవాలి?

కోనసీమ క్లిక్స్

నమస్తే. సోనీ ఏ7 మార్క్ 3 కెమెరా బాడీలు రెండున్నాయి, ఒకటి క్యాండిడ్‌కి, రెండోది వీడియోకి. పనంతా పెళ్లిళ్లే. కార్డులన్నీ శాన్‌డిస్క్ అల్ట్రా 64 జీబీ, పాతవి. తలంబ్రాల దగ్గర వరసగా కొడితే కెమెరా ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది, ఎర్ర లైటు చాలాసేపు ఆరదు. వీడియో బాడీలో 4కే 100ఎం పెడదామంటే ఈ కార్డుకి కుదరదంటుంది, 60ఎం అయితేనే తీసుకుంటుంది.

షాపులో వీ90 (వీడియో రాసే వేగానికి కార్డు మీదుండే గుర్తు) కొనమంటున్నారు. ధర చూస్తే గుండె గుభేలుమంది. మాఘమాసం ముహూర్తాల లోపు కార్డులు మార్చేయాలి, అందుకే అడుగుతున్నాను:

వీ90 నిజంగా కావాలా, తక్కువలో సరిపోతుందా? ఒకటే 256 జీబీ మంచిదా, చిన్నవి నాలుగైదు మంచివా? రెండు స్లాట్లనీ ఎలా వాడుకోవాలి? ప్రస్తుతం డేటా అంతా ఒక 4 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లో ఉంది, అది నిండిపోవచ్చింది. తర్వాత ఏం కొనాలి?

బఫర్ బాబు

వీ90 వద్దు. మీ బాడీకి దానితో పనే లేదు.

ముందు వీడియో సంగతి. 100ఎం అంటే సెకనుకు 100 మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. ఎనిమిదితో భాగిస్తే 12.5 ఎంబీ. మీ అల్ట్రా మీద యూ ఆకారంలో 1 అంకె ఉంటుంది, దాని హామీ సెకనుకు 10 ఎంబీ. 12.5కి అది చాలదు కాబట్టి కెమెరా ఒప్పుకోదు. ఆ కార్డు నిజానికి అంతకంటే వేగంగానే రాయవచ్చు, కానీ కెమెరా నమ్మేది కార్డు తన క్లాసు ఏదని చెబుతుందో దాన్నే. యూ3 గానీ వీ30 గానీ ఉంటే 30 ఎంబీ హామీ. అక్కడితో మీ వీడియో బాధ తీరిపోయింది. వీ60కి 60, వీ90కి 90. ఏ7 మార్క్ 3లో 100ఎం కంటే బరువైన వీడియో మోడ్ లేనే లేదు. వీ90 అడిగేది ఏ7 మార్క్ 4లో 4కే 60పీ 600ఎం లాంటి మోడ్‌లు, అక్కడ సెకనుకు 75 ఎంబీ పడుతుంది.

ఫొటోల లెక్క వేరు. ఈ బాడీ సెకనుకు 10 ఫొటోలు కొడుతుంది. అవి ముందు బఫర్‌లోకి, అంటే కెమెరా లోపలి తాత్కాలిక మెమరీలోకి వెళ్తాయి, అక్కణ్ణించి తీరిగ్గా కార్డుకి. రా అంటే జేపెగ్‌గా మార్చని ముడి ఫైలు. కంప్రెస్డ్ (కుదించిన) రాలో సుమారు 89, అన్‌కంప్రెస్డ్ (కుదించని) రాలో 40 పడతాయి. కంప్రెస్డ్ రా ఒక్కోటి 24 ఎంబీ అనుకుంటే నిండిన బఫర్‌లో 2,100 ఎంబీ పైమాటే. కార్డు సెకనుకు 35 ఎంబీతో రాస్తే ఖాళీ కావడానికి నిమిషం. 70తో రాస్తే 30 సెకన్లు. 140తో అయితే 15. మీ ఎర్ర లైటు ఆరకపోవడానికి కారణం ఇదే. కాబట్టి ఫొటో బాడీకి వేగమైన కార్డు కొంటే డబ్బు వృథా కాదు, వీడియో బాడీకి కొంటే వృథా.

అన్‌కంప్రెస్డ్ రా పెట్టుకుని ఉంటే తీసేయండి. ఫైలు 47 ఎంబీ దాకా పోతుంది, బఫర్ సగానికి పడిపోతుంది. కంప్రెస్డ్‌లో కాస్త సమాచారం పోయే మాట నిజమే. కానీ అది కనిపించేది బాగా చీకటి, బాగా వెలుగు కలిసే అంచుల దగ్గర, అదీ ఎక్స్‌పోజర్‌ని నాలుగైదు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) లాగినప్పుడు. ఫంక్షన్ హాల్ లైటింగ్‌లో తీసిన పెళ్లి ఆల్బమ్‌లో దాన్ని ఎవరూ పట్టుకోలేరు.

ఇక కార్డు మీద రాతలు. పెద్ద అక్షరాల్లో ఉండే 200 ఎంబీ, 250 ఎంబీ అన్నీ చదివే వేగాలు. రాసే వేగం వెనకాల చిన్న అక్షరాల్లోనో, కంపెనీ సైట్‌లోనో ఉంటుంది. ఉదాహరణకి శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ ప్రో యూహెచ్ఎస్-1 128 జీబీకి చదవడం 200, రాయడం 90. ఆ 200 కూడా వాళ్ల సొంత రీడర్‌లోనే వస్తుంది. యూహెచ్ఎస్ అంటే కార్డుకీ కెమెరాకీ మధ్య డేటా నడిచే దారి. యూహెచ్ఎస్-1 దారికి ప్రమాణం ప్రకారం హద్దు 104, మీ కెమెరా ఆ హద్దు దాటదు. లెక్సర్ 1667ఎక్స్ 128 జీబీ యూహెచ్ఎస్-2 కార్డు, చదవడం 250, రాయడం 120, వీ60. యూహెచ్ఎస్-2ని గుర్తుపట్టడం తేలిక: వెనక్కి తిప్పితే బంగారు పిన్నులు రెండు వరసలుంటాయి, ముందు రోమన్ అంకె రెండు ఉంటుంది. ఏ1, ఏ2 గుర్తులు ఫోన్లలో యాప్‌ల కోసం. కెమెరాకి వాటితో సంబంధం లేదు, వాటికోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకండి.

ఓరుగల్లు ఫ్రేమ్స్

బాబు గారు చెప్పిందానికి ఒకటి కలపాలి, మీ బాడీలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఏ7 మార్క్ 3లో యూహెచ్ఎస్-2 పనిచేసేది స్లాట్ 1లో మాత్రమే. స్లాట్ 2 యూహెచ్ఎస్-1. పైగా కింద ఉన్నది 1, పైన ఉన్నది 2. మూత తీయగానే చెయ్యి పై స్లాట్‌కే పోతది. ఖరీదైన కార్డు అందులో పెట్టి "కొత్త కార్డు కొన్నా తేడా లేదు" అనేవాళ్లు ఎంతమందో. యూహెచ్ఎస్-2 కార్డు అందులోనూ పనిచేస్తది, కాకపోతే మామూలు కార్డు వేగంతోనే.

రికార్డింగ్ మీడియా సెట్టింగ్స్‌లో రికార్డింగ్ మోడ్ చూడండి. స్టాండర్డ్‌లో ఉంటే ఒక్క కార్డులోనే పడుతది, రెండోది ఖాళీగా కూర్చుంటది. పెళ్లికి అది పనికిరాదు. జీలకర్ర బెల్లం ఒక్కసారే పెడతరు, మాంగల్యధారణ ఒక్కసారే. కార్డు పోయిందని పంతులు గారిని మళ్లీ మంత్రాలు చదవమనలేం కదా.

స్టిల్స్‌కి సైమల్టేనియస్ పెడితే ఒకే ఫొటో రెండు కార్డుల్లోనూ పడుతది. అయితే నెమ్మది కార్డు ఏదైతే దాని వేగమే మొత్తానికి వర్తిస్తది. స్లాట్ 2 ఎట్లాగూ యూహెచ్ఎస్-1, కాబట్టి స్లాట్ 1లో వీ60 పెట్టిన లాభం ఎగిరిపోతది. నా సలహా: క్వాలిటీ రా ప్లస్ జేపెగ్, మోడ్ సార్ట్ రా/జేపెగ్, ప్రయారిటీ స్లాట్ 1. రా ఫైళ్లు వేగమైన స్లాట్‌లోకి, 10 ఎంబీ చిల్లర జేపెగ్‌లు రెండోదాంట్లోకి. బఫర్ తొందరగా ఖాళీ అయితది. స్లాట్ 1 కార్డు చచ్చినా ఆల్బమ్‌కి సరిపోయే జేపెగ్ చేతిలో ఉంటది. జేపెగ్‌ని ఫైన్‌లో పెట్టండి, ఎక్స్‌ట్రా ఫైన్ వద్దు.

వీడియో బాడీలో మూవీకి సైమల్టేనియస్ పెట్టండి. 12.5 ఎంబీయే కదా, రెండు వీ30 కార్డులకి అది లెక్కే కాదు.

ఇంకొకటి, రిలీజ్ విత్అవుట్ కార్డ్ అనే ఆప్షన్ ఉంటది. దాన్ని డిసేబుల్‌లో పెట్టండి. లేకుంటే కార్డు లేకుండానే షట్టర్ టకటక కొడుతూ ఉంటది, స్క్రీన్ మూలన చిన్న హెచ్చరిక ఎవరూ చూడరు.

బఫర్ బాబు

సార్ట్ మోడ్ మీద నాకు కాస్త అభ్యంతరం ఉంది. రాత్రి ముహూర్తం, మండపం మీద రంగురంగుల ఎల్ఈడీలు, వధువు ముఖం మీద ఊదా రంగు. అలాంటి ఫొటోకి వైట్ బ్యాలెన్స్ జేపెగ్‌లో సరిచేయబోతే చర్మం మట్టి రంగుకి తిరుగుతుంది. దాన్ని కాపాడేది రా మాత్రమే. కాబట్టి ముహూర్తం ఘట్టం వరకు రెండు కార్డుల్లోనూ రా, బర్స్ట్ (వరస ఫొటోలు) ఎక్కువ కొట్టే తలంబ్రాలు, బారాత్ దగ్గర సార్ట్ అని మార్చుకోవడం మేలు. జీలకర్ర బెల్లం దగ్గర సెకనుకు పది ఫొటోలు ఎవరికీ అక్కర్లేదు.

ఓరుగల్లు ఫ్రేమ్స్

ఆ హడావుడిలో మెనూలోకి పోయి మోడ్ మార్చడం రిస్కే. మార్చిన తర్వాత మళ్లీ మార్చడం మర్చిపోతరు. మై మెనూలో మొదటి లైన్‌గా పెట్టుకుంటే సరే, లేదంటే ఏదో ఒకదాంట్ల ఉండిపోండి.

కోనసీమ క్లిక్స్

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ఫొటో బాడీకి కింద వీ60, పైన వీ30. వీడియో బాడీకి రెండూ వీ30. సైజు ఎంత తీసుకోను? ఆన్‌లైన్‌లో సగం ధరకి కనిపిస్తున్నాయి, అవి నమ్మొచ్చా?

బఫర్ బాబు

సైజుకి గుణకారం వేసుకోండి. పెళ్లికి 3,500 ఫొటోలు, ఒక్కోటి 24 ఎంబీ: 84 జీబీ. 128 జీబీ కార్డు కంప్యూటర్‌లో 119 జీబీగా కనిపిస్తుంది. అది మోసం కాదు, తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1,024తో లెక్కిస్తుంది. ఒక పెళ్లి ఒక 128లో పట్టేస్తుంది. వీడియో 100ఎంలో గంటకి 45 జీబీ. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా నాలుగు గంటలు తిరిగితే 180. ఆ బాడీకి 128వి రెండు జతలు కావాలి, లేదా 256వి ఒక జత.

చిన్నవి నాలుగా, పెద్దది ఒకటా అన్న వాదన ఒకటే స్లాట్ ఉన్న కెమెరాల కాలం నాటిది. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టొద్దనే భయం అప్పుడు సబబే. రెండు స్లాట్లలోనూ రాస్తున్నప్పుడు ఆ భయం చాలావరకు పోతుంది. పైగా చిన్న కార్డులు మార్చే కొద్దీ కింద పడేయడం, నిండినది ఖాళీ అనుకుని ఫార్మాట్ కొట్టేయడం లాంటివి పెరుగుతాయి. కార్డు మార్చాల్సి వస్తే ముహూర్తానికి అరగంట ముందే మార్చేయండి, సగం ఖాళీ ఉన్నా సరే. రెండు స్లాట్లకీ ఒకే సైజు పెట్టండి.

మైక్రో ఎస్డీని అడాప్టర్‌లో పెట్టి వాడటం మాత్రం వద్దు. అడాప్టర్ అంటే అదనంగా ఇంకో వరస కాంటాక్టులు, అది కాస్త వదులైతే రికార్డింగ్ మధ్యలో తెగిపోతుంది.

హార్డ్‌డిస్క్ డాక్టర్

సగం ధర కార్డుల గురించి. నకిలీలో ఎక్కువగా కనిపించే రకం ఇది: లోపల 16 లేదా 32 జీబీ చిప్, కంట్రోలర్‌లో మాత్రం 128 అని అబద్ధం రాసి ఉంటుంది. కెమెరా, కంప్యూటర్ రెండూ 128 అనే చూపిస్తాయి, ఫార్మాట్ కూడా అవుతుంది. అసలు చిప్ నిండేదాకా అన్నీ బాగానే ఉంటాయి. ఆ తర్వాత రాసినది పాతదాని మీద పడుతుంది, లేదా శూన్యంలోకి పోతుంది. ఫైలు పేర్లు, థంబ్‌నెయిల్స్ కొన్ని కనిపిస్తాయి, తెరిస్తే బూడిద రంగు గీతలు. అందులోకి వెళ్లని డేటాని ఎవరూ తిరిగి తేలేరు, ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు.

అందుకే కొన్న రోజే పరీక్షించాలి, రిటర్న్ గడువు లోపల. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం, మ్యాక్, లినక్స్‌లలో ఎఫ్3. కార్డు ఖాళీ చేసి, మొత్తం స్థలం ఎంచుకుని రైట్ ప్లస్ వెరిఫై నొక్కండి. చివరిదాకా రాస్తుంది, మళ్లీ చదివి పోల్చుతుంది. మంచి రీడర్‌లో సెకనుకు 80 ఎంబీ వస్తే 128 జీబీ రాయడానికి 27 నిమిషాలు, చదవడానికి దాదాపు అంతే. మధ్యలో ఆపి "10 జీబీ దాకా బాగుంది కదా" అనుకుంటే పరీక్ష చేయనట్టే, దొంగతనం ఉండేది చివర్లో. ఎక్కడా తప్పు లేదని వస్తేనే కార్డుని కెమెరాలో పెట్టి ఫార్మాట్ చేయండి. ఆ పరీక్ష రాసే సగటు వేగం కూడా చూపిస్తుంది, పెట్టె మీద ఉన్నదానికి దగ్గరగా ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

రీడర్ గురించి ఎవరూ చెప్పలేదు. 128 జీబీ నిండిన కార్డుని యూఎస్‌బీ 2 రీడర్‌తో కాపీ చేస్తే, సెకనుకు 35 ఎంబీ వచ్చినా గంట పడుతుంది. యూఎస్‌బీ 3 రీడర్‌లో 90 చొప్పున 24 నిమిషాలు. యూహెచ్ఎస్-2 రీడర్, యూహెచ్ఎస్-2 కార్డు, ఎస్ఎస్‌డీ మూడూ కలిస్తే 250 చొప్పున 9 నిమిషాల లోపు. ఈ మూడింటిలో ఏది నెమ్మదైతే వేగం అదే. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండే స్లాట్ యూహెచ్ఎస్-1 రకం, కాబట్టి విడిగా రీడర్ కొనండి. కేబుల్ ఊడిపోకుండా గట్టిగా పట్టేది చూసుకోండి. కాపీ మధ్యలో రీడర్ డిస్‌కనెక్ట్ అయితే కార్డులో ఫైల్ సిస్టమ్ చెడిపోయే అవకాశం ఉంది.

ఎడిట్ రూమ్

ఎడిటింగ్‌కి వచ్చే డేటాలో మళ్లీ మళ్లీ కనిపించే తప్పులు కొన్ని చెబుతాను.

డీసీఐఎం ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసి కార్డు ఫార్మాట్ చేయడం. సోనీలో ఫొటోలే డీసీఐఎంలో ఉంటాయి. ఎక్స్‌ఏవీసీ (సోనీ వీడియో ఫార్మాట్) వీడియోలు ప్రైవేట్ అనే ఫోల్డర్ లోపల ఎం4రూట్, దాని లోపల క్లిప్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఫొటో బాడీతో మధ్యలో నాలుగు చిన్న వీడియోలు తీసి ఉంటే అవి అక్కడే ఉండిపోతాయి. ఏం ఏరుకోకుండా కార్డులో ఉన్నదంతా, పై ఫోల్డర్ నుంచి, మొత్తంగా కాపీ చేయండి. వీడియో పక్కన ఉండే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లని చెత్త అనుకుని తీసేయకండి, అవి క్లిప్ సమాచారం.

రెండు బాడీల ఫొటోలని ఒకే ఫోల్డర్‌లో పోయడం. రెండూ సోనీవే కాబట్టి రెండింటి పేర్లూ డీఎస్‌సీ అనే మొదలవుతాయి, 9999 దాటితే అంకె మళ్లీ మొదటికి వస్తుంది. ఒకే పేరున్న రెండు ఫైళ్లు ఎదురైతే "రీప్లేస్" నొక్కేస్తారు, అంతే, ఒకటి గాల్లో కలిసిపోతుంది. కెమెరా మెనూలో సెట్ ఫైల్ నేమ్ ఉంది, మొదటి మూడు అక్షరాలు మార్చుకోవచ్చు. ఒక బాడీకి ఒక పేరు, రెండోదానికి ఇంకోటి పెట్టండి. ఫైల్ నంబర్‌ని సిరీస్‌లోనే ఉంచండి, రీసెట్ వద్దు. పనిలో పనిగా రెండు బాడీల గడియారాలు సెకనుతో సహా కలపండి. గడియారాలు కలవకపోతే అమ్మాయి మెళ్లో తాళి పడ్డాక జీలకర్ర బెల్లం పెట్టినట్టు ఆల్బమ్ వరస తయారవుతుంది.

కట్ అండ్ పేస్ట్. ఎప్పుడూ వద్దు, కాపీ మాత్రమే. కాపీకి విండోస్ సొంత విండో కంటే టెరాకాపీ మేలు, అందులో వెరిఫై ఆప్షన్ ఉంది. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్లు చదివి చెక్‌సమ్ (ఫైలు లోపలి డేటా నుంచి లెక్కగట్టే సంఖ్య) పోల్చుతుంది. సమయం ఇంచుమించు రెట్టింపు అవుతుంది, అవనివ్వండి. ఏదీ లేకపోతే కనీసం రెండు వైపులా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు ఒకటేనా చూడండి. ఈ పద్ధతి ఫైలు లోపల పాడైనదాన్ని పట్టుకోలేదు, సగంలో ఆగిన కాపీని పట్టుకుంటుంది.

కంప్యూటర్‌లో పెట్టి కార్డులోని ఫైళ్లు డిలీట్ చేయడం ఇంకోటి. సోనీ వీడియోలకి కెమెరా తనకంటూ ఒక డేటాబేస్ రాసుకుంటుంది. ఫైళ్లు బయటి నుంచి మాయమైతే ఇమేజ్ డేటాబేస్ తప్పుందని గోల పెడుతుంది. రికవర్ ఇమేజ్ డీబీ నొక్కితే చాలాసార్లు సర్దుకుంటుంది, కానీ అసలు ఆ అవసరం తెచ్చుకోవడం ఎందుకు? డేటా రెండు చోట్లకి చేరాక కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. ఏ బాడీలో వాడతారో ఆ బాడీలోనే.

ఫోల్డర్ పేర్లకి తేదీ ముందు, సంవత్సరం, నెల, రోజు వరసలో, తర్వాత ఊరు, ఇంటిపేరు. అప్పుడు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. "న్యూ ఫోల్డర్ 3 ఫైనల్" లాంటివి చూస్తే ఎడిటర్‌కి బీపీ.

కోనసీమ క్లిక్స్

ఒక కార్డుకి లాక్ స్విచ్ వదులైంది, కెమెరాలో పెట్టిన ప్రతిసారీ లాక్ అయ్యిందంటుంది. ఆ కార్డు పారేయాల్సిందేనా? ఇంకా, ఎప్పుడైనా కార్డు ఎర్రర్ వస్తే అక్కడికక్కడ ఏం చేయాలి?

హార్డ్‌డిస్క్ డాక్టర్

లాక్ స్విచ్ ఉత్త ప్లాస్టిక్ ముక్క, కార్డు లోపలి సర్క్యూట్‌కి దానితో సంబంధమే లేదు. స్లాట్‌లో ఉన్న చిన్న స్విచ్ ఆ ముక్క ఎక్కడుందో తడిమి చూసుకుంటుంది. అది విరిగిపోతే ఆ గాడి మీద సన్నటి సెల్లోటేప్ అతికిస్తే లాక్ తీసినట్టే లెక్క. డేటా తీసుకోవడానికి అది చాలు, పెళ్లికి తీసుకెళ్లడానికి కాదు. టేపు స్లాట్‌లో ఊడితే బాడీ సర్వీసుకి పోవాలి. పిన్నుల మధ్య సన్నటి ప్లాస్టిక్ గోడలు విరిగిన కార్డు కూడా అంతే, పక్కన పెట్టేయండి. సోనీ టఫ్ ఎస్ఎఫ్-జీ కార్డుల్లో ఆ స్విచ్చూ లేదు, ఆ గోడలూ లేవు. ధర ఎక్కువే, కానీ విరిగేందుకు అక్కడ ఏమీ లేదు.

మీది సముద్రపు గాలి ఉండే ప్రాంతం, పైగా నలుగు, మంగళస్నానం అంటే నీళ్లూ పసుపూ తప్పవు. పిన్నులు మసకబారితే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదిపుల్లకి అద్ది తుడవండి, పూర్తిగా ఆరాక పెట్టండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దొద్దు, బంగారు పూత లేచిపోతుంది.

ఎర్రర్ వస్తే మొదటి పని, ఏ పనీ చేయకపోవడం. ఇంకో ఫొటో కొట్టకండి. కెమెరా ఫార్మాట్ చేయమని అడుగుతుంది, చేయకండి. లైటు ఆరిందో లేదో చూసి, ఆపేసి, కార్డు తీసి వేరే కార్డు పెట్టి పని కానివ్వండి. తీసిన కార్డుని గుర్తుపట్టేలా విడిగా పెట్టండి. తర్వాత వేరే రీడర్‌లో చూడండి, సగం కేసుల్లో తప్పు రీడర్‌దో, పిన్నుల మురికిదో. కంప్యూటర్‌కి కనిపించి, ఫైళ్లు మాత్రం లేకపోతే ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. తిరిగి తెచ్చిన ఫైళ్లని ఎప్పుడూ వేరే డిస్క్‌లో పెట్టించండి, అదే కార్డు మీద కాదు. అసలు పేర్లు రావు, వరస ఫొటో లోపలున్న తేదీ సమయంతో పట్టుకోవాలి. ముక్కలైన పెద్ద వీడియోలు సరిగా రాకపోవచ్చు. విండోస్ "స్కాన్ అండ్ ఫిక్స్" అని అడిగితే ఒప్పుకోకండి, అది కార్డు మీదే మార్పులు రాస్తుంది. కంప్యూటర్‌కి అసలు కార్డే కనిపించకపోతే సాఫ్ట్‌వేర్‌తో పని కాదు, నేరుగా చిప్ నుంచి చదవగలిగే ల్యాబ్‌కి ఇవ్వాలి. ఒకసారి ఎర్రర్ ఇచ్చిన కార్డు ఆ తర్వాత బాగా పనిచేసినా పెళ్లికి వాడకండి.

ఇప్పుడు హార్డ్ డిస్క్. నాకు అసలు భయం వేసింది మీ ప్రశ్నలో ఆ ఒక్క 4 టీబీ మాట దగ్గరే. కొత్తది కొనేది పాతది నిండినందుకు కాదు, పాతదానికి జత కోసం. డేటా ఉన్నది ఒక్క చోటే అయితే దాన్ని బ్యాకప్ అనరు. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే కప్పు కింద. మీ సైజు పనికి ఇలా సరిపోతుంది: ఎడిటింగ్ నడిచే పెళ్లిళ్లకి 1 లేదా 2 టీబీ ఎస్ఎస్‌డీ. పాతవాటికి ఒకే సైజు హార్డ్ డిస్కులు రెండు, ఒకటి స్టూడియోలో, రెండోది ఇంట్లో. స్టూడియోలో షార్ట్ సర్క్యూట్ అయినా, దొంగలు పడ్డా, గోదావరికి వరద వచ్చినా రెండోది మిగలాలి. ఆల్బమ్ డెలివరీ అయ్యేదాకా కార్డులు ఫార్మాట్ చేయకుండా ఆపగలిగితే మరీ మంచిది, సీజన్‌లో అది కుదరదని తెలుసు.

చిన్న 2.5 అంగుళాల పోర్టబుల్ డిస్కుల్లో చాలావరకు ఎస్ఎంఆర్ రకం, అంటే డేటా వరసలు ఒకదాని మీదికొకటి కాస్త ఎక్కేలా రాసేవి. కొంతసేపు సెకనుకు 120 ఎంబీతో పరిగెత్తి, ఎక్కువ డేటా పోసే కొద్దీ వేగం బాగా పడిపోతుంది. డిస్కు పాడైందని కంగారు పడొద్దు, దాని స్వభావమే అది. నిల్వకి ఫర్వాలేదు, దాని మీదే ఎడిటింగ్ చేయడానికి పనికిరాదు. పెద్ద నిల్వకి 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డిస్కు, సీఎంఆర్ (వరసలు విడివిడిగా రాసే రకం) అని చూసుకుని, కొనడం మేలు. ఎస్ఎస్‌డీలో డేటా పోసి కరెంటు ఇవ్వకుండా ఏళ్ల తరబడి బీరువాలో దాచకండి. అందులో డేటా విద్యుదావేశం రూపంలో ఉంటుంది, అది మెల్లగా కారిపోతుంది. మెమరీ కార్డులకీ, పెన్‌డ్రైవ్‌లకీ ఇదే వర్తిస్తుంది.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం ఉంది, మీ 4 టీబీ పెట్టి ఇవాళే చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ సున్నా ఉండాలి. పసుపు రంగులో కాషన్ అని వస్తే ఇంకేమీ ఆలోచించకుండా కొత్త డిస్కులోకి కాపీ మొదలుపెట్టండి. రెయిడ్ (ఒకే డేటాని రెండు డిస్కుల్లో రాసే ఏర్పాటు) ఉన్న నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) కొంటే బ్యాకప్ అక్కర్లేదని షాపులో అంటారు. రెయిడ్ ఒక డిస్కు చచ్చినప్పుడు పని ఆగకుండా చూస్తుంది, అంతవరకే. పొరపాటున డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది.

ఎడిట్ రూమ్

క్లౌడ్ గురించి ఒక లెక్క. అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ఉంటే 100 జీబీ ఎక్కడానికి రెండుంపావు గంటలు. 10 ఎంబీపీఎస్ అయితే 22 గంటలు. కాబట్టి రా మొత్తం ఎక్కించే ఆలోచన వద్దు. ఎడిట్ అయిన ఫైనల్ జేపెగ్‌లు 800, ఒక్కోటి 12 ఎంబీ అనుకున్నా 10 జీబీ లోపే, అవి ఎక్కించండి. గూగుల్ ఫొటోస్‌లో ఒరిజినల్ క్వాలిటీ ఎంచుకోండి, స్టోరేజ్ సేవర్‌లో 16 మెగాపిక్సెల్‌కి కుదిస్తుంది, మీ ఫొటో 24.

రా ఎన్నాళ్లు దాస్తారో కొటేషన్‌లోనే రాసేయండి. ఆల్బమ్ ఇచ్చాక ఏడాది అంటే ఏడాది. లేకపోతే సీమంతానికి వచ్చినప్పుడు "అన్నా, మన పెళ్లి వీడియో ఇంకోసారి ఇస్తావా" అని అడుగుతారు, మీరు జీవితాంతం డిస్కులు కొంటూనే ఉండాలి.

కోనసీమ క్లిక్స్

4 టీబీ డిస్కు చూశాను, అన్నీ సున్నాలే. 8 టీబీవి రెండు ఆర్డర్ పెడుతున్నాను. కార్డులు రాగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ పెడతాను. చివరిగా ఒక్కటి: పార్టీకి వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇస్తే కొన్ని టీవీల్లో ఆడటం లేదని ఫోన్లు వస్తున్నాయి. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి ఇస్తున్నాను.

ఎడిట్ రూమ్

పాత టీవీలు చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ చదవడం రాదు. ఫ్యాట్32 దాదాపు అన్నింటికీ వస్తుంది, కానీ 4 జీబీ మించిన ఫైలు అందులో పట్టదు. వీడియోని ముహూర్తం, తలంబ్రాలు, రిసెప్షన్ అని 4 జీబీ లోపు ముక్కలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఫ్యాట్32లో ఇవ్వండి. 32 జీబీ దాటిన పెన్‌డ్రైవ్‌ని విండోస్ మామూలు ఫార్మాట్ విండో ఫ్యాట్32కి మార్చనివ్వకపోతే రూఫస్‌తో మార్చుకోవచ్చు. కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) హెచ్.264, 1080పీ, 8-బిట్, ఆడియో ఏఏసీ పెట్టండి. హెచ్.265 10-బిట్ ఇచ్చారంటే పాత టీవీలో బొమ్మ రాదు, సన్నాయి మాత్రం వినిపిస్తుంది.